మెదడు ధమనిలో బుడగ — స్టెంటుతో చికిత్స

తూకమునకు మెదడు మన దేహములో ఏబదియవ వంతు మాత్రమే. అయినను మనము పీల్చు ప్రాణవాయువులో ఇంచుమించు ఐదవ వంతు దానికే కావలెను. అందుకు కావలసిన రక్తము నాలుగు ధమనుల గుండ మెడలోనుండి పైకి పోవుచున్నది. వానిలో రెండు మెడకు ముందుభాగమున ఇరుప్రక్కల నున్నవి. తక్కిన రెండు వెన్నుపూసల ప్రక్క రంధ్రములలో దూరి వెనుకనుండి పోవును. ఈ నాలుగును మెదడు అడుగుభాగమున ఒకదానితో నొకటి కలిసికొని ఒక వలయముగా ఏర్పడుచున్నవి. ఇంగ్లండు దేశపు వైద్యుడు థామస్ విల్లిస్ 1664లో ప్రకటించిన గ్రంథములో దీనిని వర్ణించుటచే నేటికిని దానిని విల్లిస్ వలయమనియే పిలుచుచున్నారు. ఆ గ్రంథమునకు బొమ్మలు గీసినవారిలో, లండను నగరపు సెయింట్ పాల్ దేవాలయమును తరువాతి కాలమున నిర్మించిన క్రిస్టఫర్ రెన్ కూడ ఒకరు.

ఈ వలయమునుండి చిన్న పెద్ద కొమ్మలు చీలి మెదడంతటికిని రక్తమును పంచును. కాలువ రెండుగా చీలు చోట నీటి తాకిడి ఎక్కడ పడునో గోదావరి, కృష్ణా కాలువల క్రింద సేద్యము చేయువారికి మనము చెప్పనక్కరలేదు. ఆ చీలిక మొనయే ముందుగా కోతపడును. ధమనులలోను ఇంతే. గుండె కొట్టుకొనిన ప్రతిసారియు రక్తపు అల వచ్చి ఆ చీలిక మొనను మోదుచుండును. పైగా మెదడు ధమనుల గోడలు దేహములోని తక్కిన ధమనుల గోడలకంటె పలుచన; వెలుపలి సాగుడు పొర వానికి లేదు, చుట్టును ఆనుకొని నిలుపు కండరమును లేదు. ఏండ్ల తరబడి దెబ్బ తిని ఆ చోట గోడ బలహీనపడినచో, అది వెలుపలికి ఉబ్బి చిన్న బుడగ యగును. సైకిలు టైరు చిరిగిన చోట లోపలి ట్యూబు బొబ్బవలె పైకి తేలుట చూచినవారు దీనిని సులభముగా ఊహింపగలరు. ఈ బుడగకే ఎన్యూరిజము అని పేరు.

ఇది క్రొత్త వ్యాధి కాదు, అరుదైన వ్యాధియు కాదు. పెద్దవారిలో నూటికి ముగ్గురికి మెదడులో ఇట్టి బుడగ ఉండునని పలుదేశముల పరిశీలనలవలన తేలినది. కాని వారిలో అధికసంఖ్యాకులు దాని సంగతి ఎరుగకయే నిండు జీవితము గడిపి వెళ్ళిపోవుదురు. ఇది పుట్టుకతో వచ్చు లోపము కాదు. సాధారణముగా నడివయస్సున ఏర్పడును. పురుషులకంటె స్త్రీలలో హెచ్చు. పొగత్రాగుట, అదుపులేని రక్తపుపోటు దీనికి ముఖ్య శత్రువులు. తల్లిదండ్రులు, తోబుట్టువులు, బిడ్డలు అను దగ్గరి రక్తసంబంధీకులలో ఇద్దరికిగాని అంతకు మించిగాని ఈ బుడగలుండినచో తక్కినవారికిని ఉండు అవకాశము పెరుగును. మూత్రపిండములలో నీటితిత్తులు ఏర్పడు వంశపారంపర్యవ్యాధి గలవారి సంగతియు అంతే. ఇట్టివారు వైద్యుని సలహాపై ఒకసారి మెదడు రక్తనాళముల చిత్రము తీయించుకొనుట మంచిది.

బుడగ ఉన్నంతమాత్రమున ప్రమాదము లేదు. అది పగులుటయే ప్రమాదము. పగిలినప్పుడు రక్తము మెదడును కప్పియున్న పొరల నడుమకు చిమ్మును. అట్టి రోగి చెప్పు మాట ఏ దేశమునందైనను ఒక్కటే: ఇంతటి తలనొప్పి నా జన్మలో ఎరుగను అని. ఈ నొప్పి మెల్లమెల్లగా పెరుగునది కాదు. పిడుగు పడినట్లు వచ్చి, ఒక్క నిమిషములోపలనే పరాకాష్ఠ నందును. దానివెంట వాంతి, మెడ పట్టుకొనిపోవుట, వెలుతురు చూడలేకపోవుట, కొందరికి స్పృహ తప్పుట కలుగును. పగిలినవారిలో సుమారు మూడవవంతు మంది ప్రాణములు కోల్పోవుదురు. బ్రతికినవారిలో పలువురికి ఏదో యొక లోపము మిగులును. ఒకసారి పగిలి తాత్కాలికముగా గడ్డకట్టి ఆగిన బుడగ మరల పగులు అపాయము మొదటి ఇరువదినాలుగు గంటలలోనే అన్నిటికంటె హెచ్చు. కనుక అట్టి తలనొప్పిని పైత్యమనియో ఎండదెబ్బ యనియో తలచి శొంఠిపట్టు వేసి పరుండబెట్టుట మిక్కిలి ప్రమాదకరము. రాత్రి యైనను పగలైనను సి.టి. స్కాను గల ఆసుపత్రికి వెంటనే చేర్పవలెను. ఆస్పిరిను వంటి మాత్రలను రక్తస్రావమును ఇంకను పెంచునవి గనుక సొంతముగా ఇయ్యరాదు.

ఇక చికిత్స సంగతి. బుడగలోనికి రక్తము పోకుండ చేయవలెను. అదే సమయమున బుడగ పుట్టిన ధమని మాత్రము తెరచియే యుండవలెను. మెదడు ధమనుల చికిత్స యొక్క చరిత్ర అంతయు ఈ రెండు వాక్యముల నడుమ జరిగిన పెనుగులాటయే అనవచ్చును. మొదటి పని చేయుట సులువు. రెండవదానిని కాపాడుచు మొదటిది చేయుటయే కష్టము.

మొట్టమొదట బుడగను కంటితో చూచు ఉపాయము కావలసివచ్చెను. పోర్చుగల్ వైద్యుడు ఎగాస్ మోనిజ్ 1927లో లిస్బను నగరమున, ధమనిలోనికి ఒక ద్రావకమును ఎక్కించి ఎక్స్-రే తీసి బ్రదికియున్న మనుష్యుని మెదడు రక్తనాళములను చిత్రమున చూపెను. దీనినే ఏంజియోగ్రాము అందురు. పదేండ్ల పిమ్మట, 1937లో, అమెరికాలోని బాల్టిమోరు నగరమున వాల్టర్ డాండీ అను శస్త్రవైద్యుడు కపాలమును తెరచి, బుడగ మెడకు చిన్న వెండి క్లిప్పు బిగించి దానిని మూసివేసెను. 1960 తరువాత సూక్ష్మదర్శిని శస్త్రచికిత్సగదిలోనికి వచ్చుటచే ఈ పని మరింత నేర్పుగా జరుగజొచ్చెను. నేడు టైటేనియము క్లిప్పులు వాడుచున్నారు. క్లిప్పు పద్ధతి పాతబడిపోయినదని తలచుట పొరపాటు. కొన్ని తావులలోని బుడగలకు ఇప్పటికిని అదియే మేలైనది; సరిగా పడిన క్లిప్పు జీవితాంతము నిలుచును.

అయితే కపాలమును తెరువకుండ, రక్తనాళముల మార్గముననే లోపలికి పోయి బుడగను చేరవచ్చునా యని కొందరు ఆలోచించిరి. స్వీడను దేశపు సెల్డింగర్ 1953లో, సూదితో ధమనిని పొడిచి, సూదిలోనుండి తీగను దింపి, ఆ తీగపై సన్నని గొట్టమును జార్చు పద్ధతిని ప్రకటించెను. దీనితో లోపలికి పోవు త్రోవ ఏర్పడినది. మాస్కో నగరమున ఫ్యొడర్ సెర్బినెంకో గొట్టము కొనకు చిన్న రబ్బరు బుడగను కట్టి, దానిని మెదడు ధమనులలోనికి పంపి, అక్కడ ఉబ్బించి విడిచివచ్చు విధానమును నిర్మించి 1974లో లోకమునకు తెలిపెను. కాని గుండ్రని రబ్బరు బుడగ వంకరటింకరగా నున్న ఎన్యూరిజములో సరిగా ఇమడదు. గట్టిగా ఒత్తినచో పలుచని గోడ పగులు భయమును కలదు.

ఈ చిక్కును విప్పినవారు ఇటలీ దేశీయుడైన గిడో గూలియెల్మి. ప్లాటినము తీగ వెండ్రుకవలె మెత్తన. దానిని సన్నని స్ప్రింగువలె చుట్టి, ఉక్కు తీగ కొనకు అతికి, గొట్టము ద్వారా బుడగలోనికి త్రోయవచ్చును. లోపలికి పోగానే అది తనకు ముందే నేర్పిన చుట్టగా ముడుచుకొనును. సరిగా కుదరనిచో వెనుకకు లాగి మరల పెట్టవచ్చును. కుదిరిన పిమ్మట స్వల్పమైన విద్యుత్తును పంపినచో ఉక్కు అతుకు మాత్రమే కరిగి తెగును, ప్లాటినము చెక్కుచెదరదు. ఈ కాయిలును 1990లో లాస్ ఏంజెలిస్ నగరమునందలి కాలిఫోర్నియా విశ్వవిద్యాలయములో తొలిసారి రోగికి అమర్చిరి. 1995లో అమెరికా ప్రభుత్వపు అనుమతి లభించెను. నేడు విద్యుత్తుచేతనే గాక ఇతర ఉపాయములచేతను తెగు కాయిళ్ళును వాడుకలో నున్నవి.

ఒక కాయిలుతో పని ముగియదు. మొదటిది గంప చట్రమువలె గోడలకు ఆనుకొనునది; తరువాతివి చిన్నవి, లోపలి ఖాళీని నింపునవి. ఎంత నింపినను బుడగ పరిమాణములో సుమారు నాలుగవవంతు మాత్రమే లోహముతో నిండును. మిగిలినచోట రక్తము గడ్డకట్టును. రక్తపు ఉరవడి ఆగిపోవుటయే అసలు చికిత్స. 2002లో ప్రకటింపబడిన ఒక గొప్ప పరిశీలనలో, పగిలిన బుడగలు గల 2143 మంది రోగులను చీటీ తీసినట్లు రెండు వర్గములుగా విభజించి, ఒక వర్గమునకు క్లిప్పును, రెండవ వర్గమునకు కాయిళ్ళను అమర్చి చూచిరి. ఏడాది గడచునప్పటికి మరణించినవారు గాని పరాధీనులైనవారు గాని క్లిప్పు వర్గములో నూటికి 30.6 మంది, కాయిలు వర్గములో నూటికి 23.7 మంది. ఆక్స్‌ఫర్డ్ వైద్యులు మాలినో, కెర్ నడిపిన ఆ పరిశీలనతో కాయిలు పద్ధతి లోకమంతట పాదుకొనెను. అయితే ఆ పరిశీలనలోనికి వచ్చినవి రెండు విధములను చేయదగిన బుడగలే. కాయిళ్ళు నిలువని బుడగల ప్రశ్న అటులే మిగిలెను.

ఆ ప్రశ్న ఏమనగా: కూజా మూతి సన్నము, దానిలో దారపుండలు కుక్కి తలక్రిందులు చేసినను బయటికి పడవు. గంగాళము మూతి వెడల్పు. దానిని ఒరగించినచో ఉండలన్నియు దొర్లి క్రిందపడును. బుడగలలోను ఈ రెండు జాతులు కలవు. బుడగ ధమనితో కలియు చోటును దాని మెడ యందురు. ఆ మెడ నాలుగు మిల్లీమీటర్లకు తక్కువ కానప్పుడు గాని, బుడగ వెడల్పు మెడ వెడల్పునకు రెండింతలు లేనప్పుడు గాని, దానిని వెడల్పు మెడ బుడగ అందురు. అందు కాయిళ్ళు పెట్టినచో అవి జారి ధమనిలోనికి వచ్చును. ధమని మూసికొనినచో దానిచే పోషింపబడు మెదడు భాగము చచ్చును, అదియే పక్షవాతము. అనగా బుడగను నింపబోయి ధమనిని పూడ్చిన వారమగుదుము.

ఇసుక నేలలో బావి త్రవ్వువారికి ఇట్టి కష్టమే వచ్చును. ప్రక్కలనుండి ఇసుక జారి బావి పూడిపోవుచుండును. అప్పుడు వారు ఒరలను దించుదురు. ఇసుక ఒర వెలుపల నిలిచిపోవును. బావి తెరచియే యుండును. మెదడు ధమనిలో స్టెంటు చేయు పని ఇదియే. బుడగ మెడకు ఎదురుగా ధమని లోపల ఒక అల్లిక గొట్టమును ఒరవలె నిలుపుదురు. కాయిళ్ళు దాని వెలుపల, బుడగలో ఆగును. రక్తము దాని లోపల సాఫీగా పోవును.

గుండెకు స్టెంటు వేసిరను మాట నేడు ప్రతి వీథిలోను వినబడును గనుక ఇచట ఒక భేదమును గుర్తింపవలెను. గుండె ధమని క్రొవ్వుచే ఇరుకైనప్పుడు దానిని వెడల్పు చేసి, మరల మూసికొనకుండ నిలుపుటకు ఆ స్టెంటు. దానిని లోపలినుండి గాలిబుడగతో బలవంతముగా విచ్చునట్లు చేయుదురు. ఇచట ధమని ఇరుకు కాలేదు. అది వెడల్పుగనే యున్నది. ఇచటి స్టెంటు కంచె మాత్రమే. అంతేగాక మెదడు ధమనులు పాము మెలికలవంటివి. గట్టి లోహపు గొట్టము అంత దూరము పోదు, పోయినను గోడను చీల్చును. అందుచే నికెలు, టైటేనియము కలిపిన నిటినాల్ అను లోహముతో దీనిని చేయుదురు. ఈ లోహమును అమెరికా నౌకాదళపు ఆయుధపరిశోధనశాలలో 1960 ప్రాంతమున కనుగొనిరి. ఆ రెండు లోహముల పేర్లయొక్కయు ఆ శాల పేరుయొక్కయు మొదటి అక్షరములే దాని పేరయ్యెను. నలిపి సన్నని గొట్టములో దాచినను, బయటికి రాగానే దేహపు వెచ్చదనమునకు తన పూర్వాకారమును తానే పొందుట దాని గుణము. ఇక స్టెంటు అను మాట పందొమ్మిదవ శతాబ్దమునాటి చార్లెస్ స్టెంటు అను ఆంగ్ల దంతవైద్యుని పేరునుండి వచ్చినది. పండ్ల అచ్చు తీయుటకు ఆయన చేసిన ముద్ద, కాలక్రమమున శస్త్రవైద్యులచేతిలో కణజాలమును నిలుపు ఆధారమాయెను. పేరు మాత్రము అదియే నిలిచినది.

స్టెంటును, కాయిళ్ళను కలిపి మెదడులోని బుడగకు వాడిన తొలి అనుభవమును అమెరికాలోని హిగషిడా మొదలగువారు 1997లో ప్రకటించిరి. అది గుండెకొరకు చేసిన స్టెంటు. ప్రత్యేకముగా మెదడు ధమనులకొరకు చేసిన మెత్తని నిటినాల్ స్టెంటునకు 2002లో అమెరికాలో అనుమతి వచ్చెను. వీని వ్యాసము సాధారణముగా రెండున్నర మొదలు నాలుగున్నర మిల్లీమీటర్లవరకు ఉండును.

చికిత్స జరుగు క్రమమిది. రోగికి మత్తుమందిచ్చి, గజ్జలోని ధమనినిగాని మణికట్టు ధమనినిగాని సూదితో పొడిచి గొట్టమును పైకి పంపుదురు. దానిలోనుండి అర మిల్లీమీటరు లోపలి వెడల్పు గల మరొక గొట్టము మెదడు ధమనిలోనికి పోవును. వైద్యుని చేయి గజ్జ దగ్గర, గొట్టపు కొన మెదడులో. నడుమ దూరమంతయు ఎక్స్-రే తెరపై చూచుచు నడిపింపవలసినదే. పలువురు వైద్యులు ముందుగా ఒక సన్నని గొట్టమును బుడగలో నిలిపి, పిమ్మట దానిప్రక్కగా స్టెంటును విప్పుదురు. అప్పుడు ఆ గొట్టము స్టెంటునకును ధమనిగోడకును నడుమ చిక్కి కదలకుండును. దాని గుండ కాయిళ్ళను ఒక్కొక్కటిగా నింపి, చివరకు గొట్టమును మెల్లగా లాగివేయుదురు. కొందరు ముందు స్టెంటును నిలిపి, దాని అల్లిక కన్నులలోనుండి గొట్టమును బుడగలోనికి దూర్తురు. తలపై కత్తిగాటు ఉండదు.

స్టెంటువలన కాయిళ్ళు ఆగుట యొక్కటే గాక మరొక మేలును కలదు. కొన్ని నెలలలో ధమని లోపలి పొర స్టెంటు తీగలపై ప్రాకి వానిని కప్పును. బుడగ ద్వారమువద్ద క్రొత్త చర్మమువంటిది ఏర్పడి, పూడిన బుడగ మరల తెరచుకొను అవకాశము తగ్గును. పారిసు నగరపు వైద్యులు తమవద్ద చికిత్సపొందిన 1325 బుడగల లెక్కలను 2010లో ప్రకటించిరి. మరల వచ్చి పరీక్ష చేయించుకొన్నవారిలో, స్టెంటు లేక కాయిళ్ళు మాత్రమే పెట్టిన బుడగలలో నూటికి 33.5 తిరిగి తెరచుకొన్నవి. స్టెంటు తోడు చేసినవానిలో నూటికి 14.9 మాత్రమే.

అయితే ఆ లెక్కలలోనే రెండవ వరుసయు కలదు. దానిని కప్పిపుచ్చి చెప్పుట న్యాయము కాదు. చికిత్సవలన శాశ్వతమైన నరముల లోపము కలిగినది కాయిళ్ళు మాత్రమే పెట్టిన సందర్భములలో నూటికి 3.8, స్టెంటు పెట్టినవానిలో నూటికి 7.4. చికిత్సవలననే మరణము మొదటివానిలో నూటికి 1.2, రెండవవానిలో 4.6. స్టెంటు అవసరమైనవి మొదటినుండియు కష్టమైన బుడగలే గనుక ఈ రెండు సంఖ్యలను సరిసమానముగా తూచుట తగదు. పరికరములును నాటినుండి మెరుగుపడినవి. అయినను స్టెంటు ఉచితముగా వచ్చు వరము కాదనుట సత్యము. అది నిలుపును, అందుకు మూల్యమును అడుగును.

ఆ మూల్యమేమో ఇంటివారందరును తెలిసికొనవలెను. రక్తము తనది కాని లోహమును తాకగానే గడ్డకట్టజూచును. గాయమైనచోట రక్తమును ఆపు సూక్ష్మఫలకములు, అనగా ప్లేట్‌లెట్లు, స్టెంటు తీగలపై చేరి గుంపులుగా అతుకుకొనును. ధమని మధ్యనే గడ్డ ఏర్పడినచో పక్షవాతము వచ్చును. దీనిని నివారించుటకు ఆస్పిరిను, క్లోపిడోగ్రెల్ అను రెండు మందులను కలిపి ఇచ్చుదురు. పగులని బుడగకు ముందుగా నిర్ణయించుకొని చేయు చికిత్సలో, స్టెంటు పెట్టుటకు కొన్ని దినముల ముందే ఈ మందులు మొదలగును. పిమ్మట రెండును కొన్ని నెలలు, ఆస్పిరిను మాత్రము ఇంకను చాలకాలము, తరచుగా జీవితాంతము సాగును. లోపలి పొర తీగలను కప్పువరకు ఈ మాత్రలే కాపలా.

మన దేశపు ప్రజలకు ఇచట ఒక విశేషము కలదు. క్లోపిడోగ్రెల్ మింగినంతనే పనిచేయదు. కాలేయములోని ఒక ఎంజైము దానిని మార్చిన పిమ్మటనే పనిచేయును. ఆ ఎంజైము మందకొడిగా నుండువారు ఐరోపావారిలోకంటె తూర్పు, దక్షిణ ఆసియా జనులలో హెచ్చు. అట్టివారికి మాత్ర మింగియు మింగనట్లే. అందుచే కొన్ని ఆసుపత్రులలో రక్తపరీక్ష చేసి, అవసరమైనచో టికాగ్రెలార్ వంటి మరొక మందును ఇచ్చుదురు. కడుపుమంటకు మనవారు అంగడిలో అడిగి కొనుక్కొను ఒమెప్రజోలు మాత్రయు ఆ ఎంజైమునకు అడ్డుపడి క్లోపిడోగ్రెల్ బలమును తగ్గించును. కాబట్టి వైద్యుని అడుగక గ్యాసు మాత్రలు వాడరాదు.

పగిలిన బుడగయెడల ఈ మూల్యము మరింత బరువగును. ఒకప్రక్క రక్తము ఇప్పుడే కారినది; మరల కారకుండ చూడవలెను. వేరొకప్రక్క స్టెంటు పెట్టినచో రక్తము గడ్డకట్టకుండ మందులియ్యవలెను. అట్టి రోగులలో కొందరికి మెదడులో నీరు నిలిచి, కపాలమునకు రంధ్రము చేసి గొట్టము వేయవలసివచ్చును. ఈ మందుల ప్రభావమున ఆ గాయమునుండియు రక్తము కారవచ్చును. అందుచేతనే పగిలిన బుడగలకు స్టెంటును సాధ్యమైనంతవరకు తప్పించుటకే వైద్యులు చూతురు. క్లిప్పు కుదురునా, లేదా పని జరుగునంతసేపు మాత్రము మెడవద్ద చిన్న గాలిబుడగను ఉబ్బించి కాయిళ్ళను నింపి, దానిని తీసివేయు పద్ధతి చాలునా యని ఆలోచింతురు. ఈ రెండవ పద్ధతిని పారిసు నగరపు జాక్ మొరే ప్రచారమునకు తెచ్చెను. అందు లోపల ఏ ఒరయు మిగులదు. 2011లో అమెరికాలో అనుమతి పొందిన దట్టమైన అల్లిక స్టెంటు ఇంకొకటి కలదు. దాని అల్లికయే రక్తపు ఉరవడిని బుడగనుండి మళ్ళించును గనుక తరచుగా కాయిళ్ళతో పనిలేదు. కాని దానికిని ఆ రెండు మందులు తప్పవు.

మరి పగులని బుడగ ఒకటి, వేరే కారణమున తీసిన స్కానులో యాదృచ్ఛికముగా కనబడినచో ఏమి చేయవలెను? నేడు స్కానులు పెరిగినకొలది పలు కుటుంబములకు ఎదురగుచున్న ప్రశ్న ఇది. జపాను దేశములో 6697 పగులని బుడగలను గమనించి 2012లో ప్రకటించిన పరిశీలనలో, ఏడాదికి నూటికి ఒకటికంటె కొంచెము తక్కువగా, అనగా 0.95 మాత్రమే పగిలినవి. చిన్న బుడగలకు అపాయము ఇంకను తక్కువ. పెద్దవానికి, వంకరగా చిన్న పిలకవంటిది పొడుచుకొనివచ్చినవానికి, కొన్ని ప్రత్యేక స్థానములలో నున్నవానికి ఎక్కువ. కనుక తలలో బుడగ ఉన్నదని వినగానే నేడే తీయించవలెనని తొందరపడుటయు తగదు. భయముతో ముడుచుకొని మరల వైద్యుని చూడకుండుటయు తగదు. రోగి వయస్సు, బుడగ పరిమాణము, అది ఉన్న చోటు, ఇంటిలో ఇదివరకు ఎవరికైన పగిలినదా యను సంగతి, ఇవియన్నియు ఒక తట్టలోను, చికిత్సవలని అపాయము వేరొక తట్టలోను పెట్టి తూచవలెను. పలువురి విషయమున ఏడాదికొకసారి చిత్రము తీసి గమనించుటయే సరియైన చికిత్స. వైద్యుని అడుగవలసిన ప్రశ్నలు నాలుగు: ఇది పగులు అవకాశమెంత? మీ చేతిలో చికిత్సవలన అపాయమెంత? స్టెంటు లేకుండ కుదరదా? మందులెంతకాలము? ఇవి అడుగుట అవిధేయత కాదు. మంచి వైద్యుడు వానిని సంతోషముతో వినును.

స్టెంటు పెట్టించుకొని ఇంటికి వచ్చినవారికి కొన్ని నియమములు కలవు. మొదటిదియు చివరిదియు ఒక్కటే: వైద్యుడు చెప్పనిదే ఆ రెండు మాత్రలను ఒక్క దినమైనను మానరాదు. మాత్రలు అయిపోవుటకు వారము ముందే తెచ్చియుంచవలెను. పెండ్లికి, తీర్థయాత్రకు పోవునప్పుడు మందులసంచి చేతనే యుండవలెను. పన్ను తీయించుకొనవలసివచ్చినను, మరి యే శస్త్రచికిత్స చేయవలసివచ్చినను, స్టెంటు సంగతి ముందుగా చెప్పవలెను. మందు ఆపవలెనో వలదో స్టెంటు వేసిన వైద్యుడే నిర్ణయింపవలెను. చిగుళ్ళనుండి కొంచెము రక్తము వచ్చినను, దేహముపై నల్లని మచ్చలు కనబడినను భయపడి మానివేయక తెలియజేయవలెను. మలము నల్లగా వచ్చినను, నోరు వంకరపోయినను, చేయి కాలు పట్టుదప్పినను, మాట తడబడినను వెంటనే ఆసుపత్రికి పోవలెను. కాయిళ్ళు, స్టెంటు ఉన్నవారు ఎం.ఆర్.ఐ. పరీక్ష చేయించుకొనవచ్చును, అయినను ఆసుపత్రివారిచ్చిన కార్డును అక్కడివారికి ముందే చూపవలెను. చెప్పిన గడువునకు తిరిగి చిత్రము తీయించుకొనుటయు ముఖ్యమే. నొప్పి లేదు గదా యని ఊరకుండరాదు, తెరచుకొనుచున్న బుడగ నొప్పితో చెప్పదు.

ఇక పొగాకు, చుట్ట, బీడీ, సిగరెట్టు ఏ రూపమునను పనికిరావు. రక్తపుపోటును ఇంటివద్దనే కొలుచుకొని వ్రాసియుంచవలెను. ఊరగాయల ఉప్పు తగ్గించుట మన ఇండ్లలో కష్టమైన మాటయే. కాని ధమని చీలిక మొనపై పడు దెబ్బను తగ్గించుటకు మన చేతిలోనున్న పని అది. వైద్యులు లోపలినుండి ఒర దించి గోడను నిలిపిరి. ఆ గోడను ప్రతిదినము మోదు అల తీవ్రతను తగ్గించుట రోగియు, అతని వంటయింటివారును కలిసి చేయవలసిన సగము చికిత్స.